అభివృద్ధి మాకెప్పుడో జరిగింది

నిడదవోలులో గ్రూప్స్‌కి చదివే ఏ కుర్రాణ్ణయినా నిద్రలో లేపి అడగండి, అభివృద్ధికి అమెరికా ఆర్థికవేత్త రోస్టో చెప్పిన ఐదు మెట్లు గడగడా అప్పజెప్పేస్తాడు. సంప్రదాయ సమాజం, ఎగరడానికి సన్నాహం, ఎగరడం, పరిణతి, చివరికి అందరూ అన్నీ కొనుక్కుని సుఖపడే కాలం. 1960లో అచ్చయిన ఆ పుస్తకం అట్ట మీదే అది కమ్యూనిస్టేతర మేనిఫెస్టో అని రాసుంది. ఏ పేద దేశపు పొలంగట్టు మీదా నిలబడి రాసింది కాదది. మాస్కోకి జవాబుగా రాసింది. రాసిన పెద్దమనిషి తర్వాత అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కి జాతీయ భద్రతా సలహాదారై, వియత్నాం మీద బాంబులు ఇంకా గట్టిగా వెయ్యమని చెప్పినవాడు. ఆ మెట్ల బొమ్మే ఇవాళ్టికీ మా పిల్లల నోటుపుస్తకాల్లో వర్ధమాన ప్రపంచపు మానవ భూగోళశాస్త్రంగా చలామణీ అవుతోంది.

ఆ మెట్లలో నిడదవోలు ఎన్నో దాని మీద ఉంది? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. వేస్తే బొమ్మ చెరిగిపోతుంది.

నా జవాబు చెబుతాను. మేం మెట్లన్నీ ఎక్కేసి చాలాకాలమైంది. 1832-33 నాటి నందన కరువు, ఆ వెనకాలే తుపాన్లు, వాటి మీద కంపెనీవాళ్ల శిస్తు, అన్నీ కలిసి గోదావరి తీరాన్ని తుడిచిపెట్టేశాయి. 1821లో 7 లక్షల 38 వేల జనం ఉన్న రాజమండ్రి జిల్లాలో 1841 నాటికి 5 లక్షల 61 వేల మంది మిగిలారు. పోయినవాళ్లు పోగా కంపెనీకి పట్టింది శిస్తు తగ్గిపోయిందన్న బెంగ. హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట కడదామన్నాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డం వేశారు. పశ్చిమ డెల్టాకి నీళ్లు మా పొరుగున ఉన్న విజ్జేశ్వరం దగ్గరే వదులుతారు. ఐదు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఆ ఒక్క తలుపు వెనకాల ఉంది.

జపాన్‌లో మెయిజీ శకం 1868లో మొదలైంది. అప్పటికి మా కాలవల్లో నీళ్లు పదహారేళ్లుగా పారుతున్నాయి. దక్షిణ కొరియా అనే దేశం పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందు మాకు నీటి పారుదల శాఖ ఉంది. తర్వాత మద్రాసు, కలకత్తా రైలు వచ్చింది, దాని మీద నుంచి నరసాపురానికి కొమ్మ లైను పడింది, నిడదవోలు జంక్షనైంది. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టారు. ఊరికో రైసుమిల్లు లేచింది. విజ్జేశ్వరంలో గ్యాసుతో కరెంటు తీశారు. 2011 జనాభా లెక్కల్లో పశ్చిమ గోదావరి అక్షరాస్యత 74.6 శాతం, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడున్న పదమూడు జిల్లాల్లో మొదటిది. వెయ్యి మంది మగవాళ్లకి 1,004 మంది ఆడవాళ్లు. పుస్తకంలో ఉన్న జాబితా పక్కన పెట్టుకుని టిక్కులు కొట్టుకోండి. కాలువ ఉంది, రైలు ఉంది, మిల్లు ఉంది, కరెంటు ఉంది, చదువు ఉంది.

ఇంకా ఏమిటండీ రావలసింది? నూట డెబ్భై ఏళ్లుగా ఏ బండి కోసం ఈ జంక్షన్‌లో నిలబెట్టారు మమ్మల్ని?

మా ప్రాంతం అభివృద్ధి కోసం ఎదురుచూస్తున్న ప్రాంతం కాదు. అభివృద్ధి మాకు జరిగిపోయింది. జరిగాక ఉన్న స్థితే ఇది: దున్నేవాడికి కాగితం లేదు, అన్నం వండాల్సిన అమ్మ కువైట్‌లో ఇంకొకరి పిల్లలకి వండుతోంది, శివారు ఊళ్లో తాగే నీళ్లు లేవు. వీటిని వెనకబాటుతనం మిగిల్చిపోయిన మరకలని చెప్పేవాళ్లు మోసం చేస్తున్నారు. ఈ మరకలు వేసింది కాలవే.

కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా వైపు వెతకాలి. సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పురోహితులు కూడా ఉన్నారు. నాకా దొర మీద కోపం లేదు. ఇంజనీరు, తన పని బాగా చేశాడు. విగ్రహానికి దండ వేసి చరిత్ర అక్కడితో అయిపోయిందనుకునే వాళ్ల మీదే నా కోపమంతా. కాలువ తవ్వినవాడి పేరు ఉంది, సరే. తవ్విన కాలువ ఎవరి చేనుకి ముందు తిరిగింది, ఎవరి చేనుకి ఆఖర్న చేరింది? దానికి శిలాఫలకం లేదు.

రోస్టో వద్దనుకున్న మాస్టార్లు ఆండ్రీ గుండర్ ఫ్రాంక్‌ని చెబుతారు. వెనకబాటుతనం మొదట్నించీ ఉన్నది కాదు, ఒకచోట సంపద పోగుపడుతుంటే ఇంకోచోట తయారయ్యేది అన్నాడాయన 1966లో. రోస్టో కంటే వెయ్యి రెట్లు నయం. దాన్నే కేంద్రం, అంచు అని రెండు ముక్కల్లో నేర్పుతారు. కానీ బోర్డు మీద గీసే బొమ్మలో కేంద్రమంటే లండన్, న్యూయార్క్. అంచు అంటే ఇండియా మొత్తం ఒకే రంగులో. ఆ రంగు చూసి విజ్జేశ్వరం ఎగువన పదెకరాల ఆసామి కూడా తనూ అంచువాడినే అనుకుని కన్నీళ్లు పెట్టుకుంటాడు.

కాలువ వెంబడి నడవండి, అసలు బొమ్మ కనిపిస్తుంది. హెడ్డు దగ్గర నీళ్లు, శివార్లో తగాదా. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతులు పెట్టిన ఏడాది ఎగువ తూముల దగ్గర నీళ్లు పొర్లుతుంటే, మొగల్తూరు, నరసాపురం శివార్లలో రైతులు ఇంజిన్లు పెట్టుకుని మురుగు కాలువలోంచి తోడుకుంటారు. ఆ మురుగు ఎక్కడిది? ఎగువ పొలాలు తాగి వదిలింది, ఎగువ ఊళ్లు కడుక్కున్నది, ఫ్యాక్టరీలు వదిలింది. భీమవరంలో యనమదుర్రు డ్రెయిను వంతెన మీద నిలబడి ఊపిరి పీల్చి చూడండి, కేంద్రం, అంచు సిద్ధాంతం ముక్కుకే తెలిసిపోతుంది. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తే తీరం ఊళ్లు చెరువులో నిలవ ఉంచిన నీళ్లతో నెట్టుకు రావాలి. కింద భూమిలో ఉన్నది ఉప్పు. ఆ ఉప్పుని రొయ్యల చెరువులు ఇంకా లోపలికి తీసుకొచ్చాయి. మొగల్తూరు శివారుకి విజ్జేశ్వరమే లండన్.

రొయ్య మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 2009లో వనామీ రొయ్యకి దేశంలో అనుమతి ఇచ్చాక వరిచేలు చెరువులైన తీరు చూసి, రైతు ఎగుమతిదారుడైపోయాడని పత్రికలు మురిసిపోయాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. భీమవరం గట్టు మీద రొయ్య రేటు ఎంతో చెప్పేది వాషింగ్టన్ అని ఆ వారంలో అందరికీ అర్థమైంది. చెరువు మళ్లీ వరిచేను కాదు. ఈ ముక్క మాత్రం ముందు ఎవరూ చెప్పలేదు.

ఇక ఎర్రకాలువ. నిడదవోలు మండలంలో ఏ రైతునడిగినా మొదట తిట్టేది దీన్నే. జంగారెడ్డిగూడెం పైన కొండల్లో వాన పడితే ఇక్కడ కంసాలిపాలెం, సింగవరం వైపు చేలు మునుగుతాయి. 2024 జూలైలో నాట్లు వేసీ వెయ్యగానే మునిగాయి. మర్నాడు పత్రికలో ప్రకృతి విలయం అని హెడ్డింగు. ప్రకృతికేం సంబంధం? ఎర్రకాలువ తన దారిన తను పల్లానికి పోయే వాగు. దాని దారికి అడ్డంగా ఏలూరు కాలువ తవ్వారు. నందమూరు దగ్గర బ్రిటిష్ కాలంలో అక్విడక్టు కట్టి, ఇంత నీళ్లయితే పో, ఇంతకంటే ఎక్కువైతే వెనక్కి తన్ను అన్నారు. వెనక్కి తన్నిన నీళ్లే మా చేలల్లో నిలబడేవి. బ్రిటన్‌లో ఓకీఫ్, వెస్ట్‌గేట్, విస్నర్ అనే ముగ్గురు 1976లోనే రాశారు, విపత్తుల్లోంచి ప్రకృతి అనే సాకు తీసెయ్యండని. వరద వచ్చేది ఆకాశం నుంచే కావచ్చు; ఎవరి చేను మునగాలో తేల్చేది మాత్రం మనుషులు గీసిన గీతలే. యాభై ఏళ్లయింది ఆ మాట అచ్చయి. మా రెవెన్యూ కార్యాలయాల్లో మాత్రం వరదని ఇంకా దైవాధీనం కింద జమ వేస్తున్నారు. దైవాధీనమైతే ఎవరూ బాధ్యులు కారు కదా. పైగా మునిగిన చేనుకి వచ్చే నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు మా కొమ్మ లైను చివరికి పోదాం. నరసాపురం. వర్ధమాన ప్రపంచం గురించి ప్రపంచమంతా చదువుకునే ఒక భావన పుట్టిన ఊరది. మా పిల్లలకి ఆ సంగతి తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడికొచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగింది. మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన అల్లిక అది. ఏజెంటు దారం ఇస్తాడు, ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని అల్లుతారు, ముక్కకి ఇంత అని ఇస్తాడు, సరుకు ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో బల్లల మీదికెక్కుతుంది. రోజుకి ఆరేడు గంటలు అల్లి, దానికి ముందూ వెనకా వంటా వార్పూ చేసే ఆ మనిషి జనాభా లెక్కల్లో ఏమిటి? గృహిణి. పనిచెయ్యని మనిషి. తీరిక వేళ ఏదో కాలక్షేపానికి అల్లుతుందని ఎగుమతిదారు చెబుతాడు, ఆ ఒక్క మాటతో కూలి పదో వంతుకి తగ్గినా ఎవరూ అడగరు. మీస్ 1982లో పుస్తకం వేసింది. ఆడవాళ్లని గృహిణులుగా ముద్ర వేసి వాళ్ల శ్రమని చవగ్గా దోచుకోవడమే ప్రపంచ మార్కెట్టు తీరు అని అందులో తేల్చింది. ఘోషా పాటించే కాపు కులపు ఇళ్లలో గడప దాటకపోవడమే పరువు గనక, ఆ పరువే ఏజెంటుకి లాభమైందని కూడా చూపించింది. లండన్ విశ్వవిద్యాలయాల్లో, బ్రెజిల్‌లో, ఫిలిప్పీన్స్‌లో నరసాపురం పేరు చదువుతారు. నిడదవోలులో రోస్టోని చదువుతారు.

ఈ మధ్య నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని దండలు వేసుకున్నారు. సంతోషం. గుర్తింపు సరుకుకి వచ్చింది. అల్లిన మనిషికి గుర్తింపు కార్డు ఎప్పుడు?

అరుగు మీద ఇక గిట్టదనుకున్న ఆ ఆడవాళ్ల కూతుళ్లే విమానం ఎక్కారు. పాఠ్యపుస్తకంలో వలసకి రావెన్‌స్టీన్ సూత్రాలుంటాయి, 1885 నాటివి. దగ్గరి ప్రయాణాలకి ఆడవాళ్లు, దూరదేశాలకి మగవాళ్లు అంటాడాయన, ఇంగ్లండు జనాభా లెక్కలు చూసి. మా వైపు లెక్క తిరగబడింది. కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో మగవాడు ఇంటి దగ్గర, భార్య కువైట్‌లో, ఒమన్‌లో. ఖద్దామా వీసా, అంటే ఇంటిపనికి వీసా, తెలియని ఇల్లు ఆ పల్లెల్లో ఉండదు. వెళ్లిన ఇంటివాడే స్పాన్సరు, పాస్‌పోర్టు వాడి బీరువాలో ఉంటుంది, వాడు వదిలితేనే తిరుగు టికెట్టు. దీన్ని తోసే కారణాలు, లాగే కారణాలు అని ఎవరెట్ లీ 1966లో గీసిన పట్టికలో సర్దేస్తారు. ఎడమవైపు పేదరికం, కుడివైపు జీతం. తోసిన చెయ్యి ఎవరిదో ఆ పట్టికలో ఎక్కడా ఉండదు.

ప్రభుత్వం చేసిందేమిటో చూడండి. పదో తరగతి పాసైన మనిషి పాస్‌పోర్టు ఒక రకం, పాసవ్వని మనిషిది ఇంకో రకం. ఆ రెండో రకం ఆడమనిషి గల్ఫ్‌కి పోవాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, సర్కారు ఏజెన్సీ ద్వారానే పోవాలి. రక్షణ కోసమన్నారు. జరిగిందేమిటంటే, సబ్ ఏజెంటు విజిటింగ్ వీసా అంటగట్టి అడ్డదారిన పంపుతున్నాడు. దొంగదారిన పోయిన మనిషికి అక్కడ కష్టం వస్తే ఎంబసీ రికార్డులో పేరే ఉండదు. అమెరికా పోయే ఇంజనీరు కుర్రాడి వయసు అడిగిన చట్టం మాత్రం ఇంతవరకూ రాలేదు. ఒకడి వలసని మేధో వలస అని గౌరవిస్తారు, వాడి పెళ్లికి రేటు పెరుగుతుంది. ఒకామె వలసని సమస్య అంటారు. ఆమె పంపిన డబ్బుతో లేచిన డాబా ముందు నుంచి పోతూ ఊరివాళ్లు మాట్లాడుకునే మాటలు నేనిక్కడ రాయను.

జనాభా పరివర్తన పాఠం మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టను. పరిశ్రమ రావాలి, చదువు రావాలి, అప్పుడు జననాలు తగ్గుతాయి అని పుస్తకం. ఆంధ్రలో తగ్గింది ఆపరేషన్ బల్ల మీద. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు సంతాన రేటు 1.7. పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు డెబ్భై మందికి ఆపరేషనైంది. మగవాళ్లలో నూటికి ఒక్కడు కూడా లేడు. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, పాతికేళ్లు నిండకుండానే కోత. 1994 చట్టం ఇద్దరిని మించి కంటే పంచాయతీకి పోటీ చెయ్యొద్దంది. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది, ఇప్పుడు పెద్దమనుషులు ఎక్కువమందిని కనండంటున్నారు. ముప్పై ఏళ్లలో రెండు ఆజ్ఞలు, రెండూ ఒకే మనిషి పొట్ట మీద.

ఊళ్ల అమరిక అని ఇంకో పాఠం. గుంపు గ్రామాలు, చెదురు గ్రామాలు, గీత వెంబడి గ్రామాలు. డెల్టాలో గుంపు గ్రామాలుంటాయట, నీరు, నేల కారణమట. ఊరికీ దళితపేటకీ మధ్య ఖాళీకి కారణం ఏ నేల? పేట ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది, మురుగు ఎప్పుడూ అటే పోతుంది, శ్మశానం ఎప్పుడూ అటుపక్కే. దీనికి సాంద్రత సూత్రం చెబుతారా? 2017లో భీమవరం పక్కన గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం మిగతా విగ్రహాల సరసన పెడదామన్నందుకు దళితుల్ని వెలేశారు. పొలం పనికి పిలవలేదు. అది భూగోళశాస్త్రమే: నాలుగు గజాల స్థలం ఎవరిదన్న తగువు. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతారనగానే మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పచ్చని కోనసీమ, కొబ్బరి తోటలు అని పాటలు రాసుకునే నేల మీద. ఇవేమీ మా మ్యాపుల్లో రావు. మా మ్యాపులో రంగులు పంటలకి, గీతలు రోడ్లకి.

జిల్లా గీతల సంగతీ అంతే. 1925లో కృష్ణా నుంచి చీల్చి పశ్చిమ గోదావరి అన్నారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ గీసి నిడదవోలుని తూర్పు గోదావరిలో వేశారు. నదికి పడమటి ఒడ్డున కూర్చుని తూర్పువాళ్లమయ్యాం. నవ్వుకోవచ్చు, గోదావరి నీళ్లు తాగినవాళ్లకి ఎటకారం ఎలాగూ ఎక్కువ. గీత మారింది గాని గీత లోపల ఎవరి పేరున ఎంత భూమి ఉందో అది సెంటు కూడా మారలేదు.

పోలవరం ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి మాలో నవ్వేవాడు ఉండడు, మాట్లాడేవాడూ ఉండడు. దానికోసం దాదాపు లక్ష కుటుంబాలని లేపుతున్నారు, అందులో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. 2022 జూలైలో కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. భూగోళశాస్త్రవేత్త డేవిడ్ హార్వీ ఇలాంటిదానికి పెట్టిన పేరు లాక్కుని పోగెయ్యడం. ఎవరు లాక్కుంటున్నారు? ఢిల్లీ, అమరావతి అని వేలెత్తి చూపడం సులువు. ఆ నీళ్లు స్థిరపరచబోయేది మా దాళ్వాని. మా కాలువకి ఎగువన ఒక అంచు ఉంది, ఆ అంచుకి మేం కేంద్రం. శివారు రైతుకి అన్యాయం జరిగిందని ధర్నా చేసే మా నాయకులు నిర్వాసితుల కాలనీలో పునరావాసం డబ్బు ఎంతమందికి అందిందని ఒక్కసారైనా లాకుల దగ్గర టెంటు వేసి అడిగారా? వాళ్లకి భూమికి భూమి అన్నారు. ఇచ్చిన భూమి పక్కన మా రైతు గట్టు తగువు పెట్టుకున్నాడు. అభివృద్ధికి మూల్యం ఉంటుందంటారు. ఎప్పుడూ అదే చేతుల నుంచి వసూలు చేసే మూల్యాన్ని మా వైపు శిస్తు అంటారు.

ఇప్పుడు కౌలు. ఇందాక వాయిదా వేసింది ఇదే.

గోదావరి డెల్టా అన్నపూర్ణ. అన్నపూర్ణ చేతిలో గరిటె పట్టుకున్నవాడెవరు? డెల్టాలో చేను దున్నేవాళ్లలో అధికులు కౌలుదార్లు. పట్టాదారు హైదరాబాదులో, బెంగుళూరులో, డాలస్‌లో. పండగకి వస్తాడు, కోడిపందేలు చూస్తాడు, కౌలు తీసుకుంటాడు. ఎకరాకి రెండు పంటల మీద పాతిక బస్తాలు పైమాటే. సార్వా, అంటే మొదటి పంట, తుపానుకి పోయినా కౌలు పోదు. ఇదంతా నోటిమాట మీద. 1956 కౌలుదారీ చట్టం కనీసం ఆరేళ్ల కౌలు అని రాసింది. ఆ కాగితం చూసినవాడు మా వైపు నాకు తగల్లేదు. కాగితం లేదు కాబట్టి పంట రుణం ఆసామి పేరున పోతుంది. 2019లో వచ్చిన పీఎం కిసాన్ ఆరు వేలూ భూమి ఎవరి పేరున ఉంటే వాడికే. ఎర్రకాలువ ముంచిన చేనుకి పరిహారం కూడా, సర్కారు ఈ-పంట నమోదులో దున్నేవాడి పేరు లేకపోతే, డాలస్ వెళ్తుంది. పెట్టుబడి కౌలుదారుది, వడ్డీ కౌలుదారుది, మునిగింది కౌలుదారు చేను, ఓదార్పు ఆసామికి.

2011 సార్వాలో కోనసీమలో దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర కోసం రైతు చేసిన సమ్మె అని దేశమంతా రాసింది. న్యాయమైన కోపమే, కాదనను. దాని మీద మోహన్ కందా కమిటీ వేశారు. కానీ పొలం ఖాళీగా ఉంచగలిగినవాడికి భూమి ఉంది. నాట్లకి పోయే మనిషికి ఆ విరామం అంటే ఆకలి. ఆ ఏడాది నాట్ల ముఠాలు ఏం తిన్నాయని కమిటీ వెయ్యలేదు. ఇప్పుడైతే నాట్లు వెయ్యడానికి బెంగాల్ నుంచి రైలెక్కి వస్తున్నారు. వాళ్ల ఊళ్లో పాఠ్యపుస్తకం వాళ్ల వలసకి ఏ సూత్రం చెబుతుందో.

చట్టం ఒకసారి దారి కనుక్కుంది. 2011లో తెచ్చిన చట్టం కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇమ్మంది. ఆసామి సంతకం అడగలేదు. ఊళ్లో విచారించి, దున్నుతున్నాడని తేలితే చాలు. లోపాలున్నాయి, బ్యాంకులు మొండికేశాయి, అయినా దున్నేవాడి పేరు మొదటిసారి సర్కారు కాగితం మీద పడింది. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల హక్కు, దానికి ఆసామి సంతకం తప్పనిసరి. ఆసామి పెట్టడు. పెట్టమని అడిగితే వచ్చే ఏడాది చేను ఇవ్వడు. చట్టం పేరులో హక్కు ఉంది, కలం మాత్రం ఆసామి జేబులో ఉంది. ఆ పైన రైతు భరోసా భూమిలేని కౌలుదార్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే అన్నారు. ఓసీల్లో కౌలుకి దున్నే పేదవాడు ఏ లెక్కలోకీ రాకుండా పోయాడు.

సంతకం పెడితే భూమి పోతుందని భయమండీ అంటారు ఆసాములు. పదకొండు నెలల కాగితంతో ఏ భూమీ పోదు, ఆ చట్టంలోనే యాజమాన్యానికి ఢోకా లేదని రాసి ఉంది. వాళ్లకి అసలు భయం వేరు. పేరు కాగితం మీద పడితే బస్తాల లెక్క కూడా కాగితం మీద పడుతుంది. పడితే రుణమాఫీ, బీమా, పరిహారం, మద్దతు ధర మీద బోనసు, ఇన్నాళ్లూ చేను మొహం చూడకుండా తీసుకున్నవన్నీ దున్నినవాడి ఖాతాకి మళ్లుతాయి. అన్ని పార్టీల్లోనూ డెల్టా నుంచి గెలిచేవాళ్లు ఎవరు? ఆసాములు, మిల్లర్లు, చెరువుల యజమానులు. ఈ సంతకం నిబంధన ఎత్తేస్తామని ఎన్నికల్లో చెప్పినవాళ్లకి గెలిచాక ఆ పేజీ కనపడదు.

రాబోయే సార్వాకి ఈ-పంట నమోదు మొదలయ్యేలోపు చెయ్యాల్సినది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. సంతకం వాక్యం కొట్టెయ్యండి. చేను దగ్గరికి వీఆర్వో వెళ్లి, ఇరుగుపొరుగు గట్ల వాళ్లని అడిగి, దున్నుతున్నవాడి పేరు రాసుకోవాలి. ఆసామికి అభ్యంతరం ఉంటే వచ్చి గ్రామసభలో నిలబడి, ఈ చేను నేనే దున్నుతున్నానని అందరి ముందూ చెప్పమనండి. డాలస్ నుంచి టికెట్టు తీసుకుని మరీ రమ్మనండి.